కడలి బురదలోని వేటపురుగులకు పేరు పెట్టువారెవరు?

కోట్‌పల్లి వంటి యూరినుండి సముద్రపు పురుగులను గూర్చి వ్యాసము వ్రాయుచున్నామనగా మా చదువరులలో కొందరు నవ్వక మానరు. సముద్రము మనకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. మన జలాశయములోని నీరు తియ్యనిది. మన పిల్లలలో ఉప్పునీటిని కన్నులార చూచినవారు మిక్కిలి కొద్దిమంది. ఇట్లుండగా తీరపు బురదలో దాగి యొకదాని నొకటి పట్టి తిను పురుగులతో మనకేమి పనియని వారు అడుగవచ్చును.

పని కలదనియే మా యభిప్రాయము. మొదట మన కాళ్ళక్రింది బండలనే చూడుడు. తాండూరు చుట్టుపట్ల గనులలో తీసి, మన యిండ్ల వసారాలలో పఱచుకొన్న నాపరాళ్ళు ఒకనాటి లోతు తక్కువ సముద్రపు టడుగున పొరలు పొరలుగా పేరిన సున్నపు బురదయే యని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది కోట్ల యేండ్లనాటి మాట. నేటి మాట చెప్పవలెనన్న, కోట్‌పల్లి వాగు నీరు కాగ్నా నదిని చేరును. కాగ్నా భీమలోను, భీమ కృష్ణలోను, కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతములోను కలియును. మన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయు వాడపల్లి వద్ద ఆ కృష్ణనే చేరును. వానకాలమున మన చేలనుండి కొట్టుకొనిపోవు మన్నులో, నడుమనున్న జలాశయములు పట్టి యుంచగా మిగిలిన దేదో కృష్ణ ముఖమున బురదగా దిగును. ఆ బురదలో కాపురముండు ప్రాణులు మనకు బొత్తిగా పరాయివి కావు.

ఆ ప్రాణులు మఱేవియో కావు, నులిపురుగులు. ఈ పేరు మన విద్యార్థులకు చిరపరిచితమే. 2015 మొదలు ప్రభుత్వమువారు బడులలో ఏటేట నులిపురుగుల మాత్ర మ్రింగించుచున్నారు. కడుపులోని ఏలికపాములును, కొంకిపురుగులును ఈ జాతివే. మన రైతులకును ఇవి తెలియనివి కావు. టమాటా, వంగ మొక్కల వేళ్ళకు బుడిపెలు కట్టించునవి యొక తెగవి. కంది వేళ్ళకు ముత్యములవలె చిన్నచిన్న తెల్లని బుడగలై అంటుకొనునవి మఱియొక తెగవి. ఈ రెండవ దానికి 1967లో హెటిరోడెరా కజాని అని పేరు పెట్టబడినది. పేరు వచ్చిన పిమ్మటనే, అది యే పైరులను పట్టును, ఎన్నినాళ్ళకు తరము మాఱును, ఏ కంది రకము దానికి లొంగదు అను ప్రశ్నలకు ఆధారము దొరకినది. పటాన్‌చెరువునందలి అంతర్జాతీయ పరిశోధన సంస్థలో దానిని తట్టుకొను రకములను వెదకిరి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పును తిను మనకు ఈ సంగతి తెలిసి యుండుట మేలు.

అయితే మనుష్యుని కడుపునుగాని మొక్కల వేళ్ళనుగాని ఆశ్రయింపక స్వతంత్రముగ బ్రదుకు నులిపురుగులే లెక్కకు మిక్కిలి యెక్కువ. సముద్రతీరమున పోటు తీసిన తరువాత తడి బురదపై ఒక చదరపు మీటరు గీసినచో దానిక్రింద పదిలక్షల దాక నులిపురుగు లుండుట సామాన్యము. ఒక్కొక్కటి మిల్లీమీటరు మొదలుకొని నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, మన తలవెండ్రుకపాటి మందము. ఇసుక రేణువులకు నడుమనుండు సందులే వాని వీధులు. ఇంతవరకు పేరు పెట్టబడిన స్వతంత్ర సముద్ర నులిపురుగుల జాతులు సుమారు 7,000. పేరు పెట్టవలసినవి దీనికి ఎన్నో రెట్లుండునని 2012లో పెక్కుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి వేసిన అంచనా చెప్పుచున్నది. అనగా బురదలోనుండి పదింటిని ఏరినచో వానిలో పెక్కింటికి పేరు లేదన్నమాట.

వీనిలో మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినవి వేటపురుగులు. వాని నోటిలోపల చిన్న పీపావంటి గది యుండును. ఒంకోలైమిడే యను కుటుంబములో ఆ గది గోడలకు కదలని మూడు పండ్లు మొలిచియుండును. మూడును సమానములు కావు. ఒకటి తక్కినవానికంటె పెద్దది. ఆ పెద్దపన్ను ఎడమ ప్రక్క నున్నచో ఒంకోలైమస్ అను ప్రజాతియనియు, కుడి ప్రక్క నున్నచో విస్కోసియా అను ప్రజాతియనియు మొదటి యానవాలుగా చూచుదురు. వెండ్రుకపాటి ప్రాణి నోటిలో ఏ ప్రక్క పన్ను పెద్దదో చూడవలసియుండుట విన్న మా స్నేహితు డొకడు ఇది పెండ్లిచూపులకంటె కష్టమనెను. థొరకోస్టొమాప్సిడే కుటుంబమున పండ్లతోపాటు మూడు దవడలును కలవు. సెలకినెమాటిడే అను కుటుంబపు పేరులోనే సొఱచేప యున్నది. గ్రీకుభాషలో సెలకోస్ అనగా సొఱజాతి చేప. స్ఫీరోలైమిడే కుటుంబములోనివి తమవంటి పురుగులనే నిలువున మ్రింగును. సూక్ష్మదర్శినిలో చూచునపుడు ఒక్కొక్కమారు మ్రింగబడిన పురుగు మ్రింగినదాని ప్రేగులో కనుపించును.

ఇచట నొక హెచ్చరిక యవసరము. పండ్లున్నంత మాత్రమున వేటగాడని తీర్పు చెప్పరాదు. 1953లో వుల్ఫ్‌గాంగ్ వీజర్ అను పండితుడు నోటి నిర్మాణమును బట్టి సముద్ర నులిపురుగులను నాలుగు తెగలుగా పంచెను. మెత్తని చిన్న నోరు గలవి, వెడల్పు నోరు గలిగి పండ్లు లేనివి, చిన్నపండ్లతో గీకి తినునవి, గట్టి కోఱలతో వేటాడునవి అని ఆ విభాగము. నేటికిని అది యెల్లరకు చేతికఱ్ఱవలె నుపయోగపడుచున్నది. కాని 1990ల తరువాత బెల్జియము దేశమున కొందరు బ్రదికియున్న పురుగులనే గాజుపళ్ళెములలో పెంచి, రేయింబవళ్ళు కనిపెట్టిరి. విస్కోసియావంటివి వేటాడుటయే కాక చచ్చినవానిని పీక్కొని తినుటయు కలదనియు, ఎనోప్లాయిడిస్ వంటివి నిజముగ కటిక వేటగాండ్రనియు తేలినది. మనుష్యులలోవలెనే ముఖము చూచి వృత్తిని ఊహించుట అన్నివేళల చెల్లదు.

ఒక పురుగు కొత్తదని చెప్పి దానికి పేరు పెట్టుటకు ఎంత పని జరుగవలయునో మన విద్యార్థులు తెలిసికొనవలెను. పేరు పెట్టుట యనగా పంచాంగము చూచి చెవిలో చెప్పుట కాదు. పోటు తీసిన వేళ బురదలోనికి ఒక గొట్టము గ్రుచ్చి, పైనుండి అయిదారు అంగుళముల దాక అడుగు చెదరకుండ తీయుదురు. దానిని ఫార్మలిన్‌లో వేసి, ఎఱ్ఱరంగు కలుపుదురు. ఆ రంగు పురుగుల కంటును గాని ఇసుకకు అంటదు. పిదప పెద్ద కన్నుల జల్లెడలో పోసి గులకను వేఱుచేసి, మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమైన కన్నులుగల జల్లెడలో పురుగులను నిలుపుదురు. బురద యింకను విడువకున్నచో చిక్కని సిలికా ద్రవములో వేయుదురు. మన్ను మునుగును, పురుగులు తేలును. బియ్యములో రాళ్ళు ఏఱు మన తల్లుల ఓపిక ఇక్కడ నుండి మొదలు. సూక్ష్మదర్శిని క్రింద నొక్కొక్క పురుగును సన్నని సూదితో ఎత్తి, నీరు కొంచెము కొంచెముగా ఆవిరియై గ్లిసరిన్ మిగులునట్లు దినములకొలది ఉంచి, గాజుపలకపై మైనపు ఉంగరము నడుమ నెక్కించుదురు. తొందరపడినచో పురుగు ముడుచుకొని పోవును. ముడుచుకొన్న పురుగు దేనికిని కొఱగాదు.

అటుపై కొలతలు. పొడవును మందముతో భాగించగా నొక యంకె, ఆ పొడవునే గొంతునాళపు పొడవుతో భాగించగా రెండవది, తోక పొడవుతో భాగించగా మూడవది. డి మాన్ అను డచ్చి పండితుడు ఏర్పఱచిన ఈ నిష్పత్తులను లోకమంతట నేటికిని వాడుచున్నారు. తలచుట్టు ఎన్ని వెండ్రుకలు, అవి ఎంత పొడవు, తలప్రక్కల నుండు వాసన పసిగట్టు గుంటలు ఏ ఆకారమున నున్నవి, మగపురుగు తోకదాపున నుండు వంకర ముండ్లు విల్లువలె వంగినవా, కొనలో చీలినవా, ఇవన్నియు చూచి గీయవలెను. ఫొటో చాలదా యని అడుగుదురేమో. చాలదు. ఫొటోలో ఒక్కపొర మాత్రమే స్పష్టముగ కనుపించును. చేయి తిరిగిన చిత్రకారుడు పొర తరువాత పొరను చూచి, అన్నిటిని ఒక్క చిత్రములో కూర్చును. మగదానిని మాత్రము చూచిన చాలదు, ఆడదియు కావలెను. ఎంకెలిడిడే యను కుటుంబములో పెక్కింట మగపురుగు పెద్దదైన తరువాత నోరు కుంచించుకొనిపోయి, పండ్లు లేకయే బ్రదుకును. ఆడదానికి మాత్రము కోఱలు నిలిచియుండును. ఈ సంగతి యెఱుగనివాడు ఆలుమగలను రెండు వేఱు కుటుంబములుగ వ్రాసిపెట్టును.

ఇన్ని చేసినను పని ముగియలేదు. ప్రపంచములో నెక్కడ నెవ్వరు ఆ ప్రజాతిలో ఏ జాతిని వర్ణించి యున్నను, లాటిను, జర్మను, ఫ్రెంచి, రష్యను భాషలలో నున్నను, దానిని తెప్పించి పోల్చిచూడవలెను. తేడా నిలిచినచో ఒక్క పురుగును ఆ జాతికి సాక్షిగ నిలిపి, ఒక ప్రదర్శనశాలలో సంఖ్య వేసి భద్రపఱచవలెను. మున్ముందు ఎవరికి సందేహము కలిగినను ఆ సాక్షి యొద్దకే రావలెను. దస్తావేజులకు రిజిస్ట్రారు కచ్చేరి యెట్టిదో జంతునామములకు ఆ గాజుపలక యట్టిది.

మన సముద్రమున ఈ పని చేసిన పెద్దలు లేకపోలేదు. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాను ఆనుకొని, మన తెలుగువారికి పొరుగుననున్న చిల్కా సరస్సును అనండేల్ దొరయు ఆయన తోడివారును పరిశీలించినప్పుడు, అందు దొరకిన స్వతంత్ర నులిపురుగులను వర్ణించినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడగు కెప్టెన్ ఎఫ్. హెచ్. స్టూవర్టు. ఆయన నివేదిక 1914లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియము పత్రికలో వెలువడెను. ఆయన అంతకుముందు 1906లో ఒంకోలైమస్ అను పైన చెప్పిన కోఱల పురుగు శరీరనిర్మాణమును గూర్చి వ్రాసియుండెను. చదువరులు ఈ పేరును మనసున నుంచుకొందురుగాక, మరల చెప్పవలసియున్నది.

తరువాత రిచర్డు విలియం టిమ్. ఈయన 1923లో అమెరికాలో పుట్టి, క్రైస్తవ గురువై, 1952లో ఢాకా వచ్చి, అచటి నోటర్ డేమ్ మిషను కళాశాలలో జీవశాస్త్రము చెప్పెను. పిల్లలకు పాఠములు చెప్పి మిగిలిన వేళలలో బురద జల్లించెను. 1961లో బంగాళాఖాతపు సముద్ర నులిపురుగులను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము నేటికిని ఈ తీరములందు పనిచేయువారికి మొదటి మెట్టు. 1970 నవంబరులో పెనుతుపాను వచ్చి లక్షలమందిని మ్రింగినప్పుడు సూక్ష్మదర్శినిని ప్రక్కన బెట్టి మన్పురా ద్వీపమున బాధితుల సేవకు పోయెను. 1987లో మెగసెసే బహుమానము పొందెను. 2020లో కాలధర్మము నొందెను. మిషను బడులలో చదువు మనకు ఈయనను గూర్చి ఎవ్వరును చెప్పకుండుట మాకు వింతగ నున్నది. సేవకును శాస్త్రమునకును పొత్తు కుదరదనువారికి ఆయన జీవితమొక్కటి చూపిన చాలును.

తెలుగుదేశముననే చూచినచో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర శాఖలో పి. ఎన్. గణపతిగారును, జి. చంద్రశేఖరరావుగారును వాల్తేరు తీరపు ఇసుక రేణువుల నడుమ బ్రదుకు ప్రాణులను శ్రద్ధతో వెదకిరి. వారి వ్యాసము 1962లో వెలువడెను. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున షికారు పోవు వేలకొలది జనుల పాదములక్రింద ఇంత సంసారము కలదని లోకమునకు చెప్పినది వారే. వారు చూచినది నులిపురుగులను మాత్రమే కాదు. ఇసుకలో నణగియుండు అనేక తెగల సూక్ష్మజంతువులను వెలికి తీసిరి.

ఇక ఆక్షేపణలకు వత్తము. దీనివలన నెవరి యాకలి తీరునని అడుగువారు పలువురు. వారికి స్టూవర్టు కథయే మా సమాధానము. చిల్కా బురదపురుగులను గూర్చి వ్రాసిన రెండేండ్లకు, 1916లో, ఆయన ఏలికపాము గ్రుడ్లను ఎలుకలకు తినిపించి చూచెను. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు ప్రేగులో నిలిచిపోక, కాలేయమునకును, అటనుండి ఊపిరితిత్తులకును పోవుటను కనుగొనెను. అంతవరకు వైద్యులు ఆ పురుగు కడుపులోనే పుట్టి కడుపులోనే పెరుగుననుకొనుచుండిరి. పిల్లలకు దగ్గు, ఆయాసము కలిగించి ఆ పురుగు చేయు ప్రయాణము నాటినుండి తెలియవచ్చినది. అక్కఱలేని పురుగు నోటిలో పండ్లు లెక్కించుటకు అలవాటుపడిన కన్నులే అక్కఱకువచ్చు పురుగు జాడను పట్టినవి. బడిలో మాత్ర మ్రింగు ప్రతి పిల్లవాడును ఆ కన్నులకు కొంత ఋణపడియున్నాడు.

రెండవ యాక్షేపణ కొంచెము బరువైనది. నీటి కాలుష్యమును తెలిసికొనుటకు పురుగుల కుటుంబములు లెక్కించిన చాలదా, ఒక్కొక్క జాతికి పేరెందుకని కొందరు శాస్త్రజ్ఞులే యందురు. చాలదని మా వాదము. నులిపురుగులలో త్వరగా పిల్లలు పెట్టి చెడిన నేలను ముందుగ ఆక్రమించునవి కొన్ని, నెమ్మదిగా పెరిగి నిలుకడగల చోటులనే కోరునవి కొన్ని. 1990లో బోంగర్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ స్వభావమునకు ఒకటినుండి అయిదువరకు తరగతులు వేసి, నేల ఆరోగ్యమునకు కొలబద్ద నేర్పఱచెను. ఇది మిక్కిలి తెలివైన పద్ధతి. కాని కోఱల పురుగులలోనే చూడుడు: ఒంకోలైమిడే కుటుంబమున కొన్ని కుళ్ళిన పదార్థము నిండిన బురదలో, గంధకపు వాసన కొట్టుచోట్ల వర్ధిల్లును, మఱికొన్ని అట్టిచోట కనబడవు. కుటుంబమునకు ఒక్కటే మార్కు వేసినచో చెడిన తీరమునకు మంచిదను పట్టాయు, మంచి తీరమునకు చెడ్డదను నిందయు వచ్చును. ఇంటిపేరు చూచి మనిషి గుణము వ్రాయుట యెట్టిదో ఇదియు నట్టిదే. మురికిని పట్టుకొనవలెనన్న పురుగును పేరుతో పిలువగలుగవలెను.

మూడవది నేటికాలపు మాట. డి.ఎన్.ఏ. చదువు యంత్రములు వచ్చినవి గదా, చెంచాడు బురద వేసినచో అందున్న జాతులన్నియు తామే తెలియును గదా యని. యంత్రము చెప్పునది యక్షరముల వరుస. ఆ వరుస ఎవరిదో తెలియుటకు ముందే ఆ పురుగును ఒక్కమారైన కన్నుతో చూచి, గీచి, పేరు పెట్టి, దాని వరుసను గ్రంథములో చేర్చియుండవలెను. లేనిచో అది ఆసామీల పేర్లు లేని వేలిముద్రల పుస్తకము. వేలిముద్రలు వేయి పోగుచేయవచ్చును. దొంగను పట్టుట మాత్రము జరుగదు. యంత్రమును మేము తృణీకరించుట లేదు. యంత్రము కొనుటకు ద్రవ్యమిచ్చి, పురుగును గుర్తింపగల మనుష్యునికి జీత మీయకపోవుటనే తప్పుపట్టుచున్నాము.

తప్పు నిజముగ అచటనే యున్నది. జాతివర్ణన చేయువాని వ్యాసమును ఇతర శాస్త్రజ్ఞులు తమ వ్యాసములలో ఉదాహరించుట అరుదు. ఒక్కొక్క వర్ణన అక్కఱకు వచ్చుటకు నలువదేండ్లు పట్టవచ్చును. ఉదాహరించిన లెక్కలనుబట్టి ఉద్యోగములు, పెంపులు ఇచ్చు పద్ధతిలో అట్టివాడు వెనుకబడుట సహజము. అందుచేత తెలివిగల విద్యార్థికి గురువులే, నాయనా, పురుగుల జోలికి పోకుము, బ్రదుకుతెరువు లేదు అని హితవు చెప్పుచున్నారు. వృద్ధుడైన పండితుడు పోయిన నాడు ఆయన కన్ను, చేయి, జ్ఞాపకమునున్న పోలికలు ఆయనతోనే పోవును. సూక్ష్మదర్శినిలో ఎడమపన్నును కుడిపన్నును వేఱుపఱచు నేర్పు పుస్తకముచేత రాదు. ప్రక్కన గూర్చుండి నేర్చుకొనవలసినది. మన నేతగాండ్ర మగ్గము విద్యవంటిదే యిది. ఒక తరము తప్పినచో రెండవ తరమున నేర్పువాడుండడు.

తొందర యేమని యడుగుదురేమో. మడ అడవులను కొట్టి 1990ల నుండి రొయ్యల చెఱువులు త్రవ్విరి. రేవులకై సముద్రపుటడుగును తవ్వి, ఆ బురదను మఱియొకచోట పోయుచున్నారు. కృష్ణా నదిపై నెడనెడ కట్టిన జలాశయములలో ఒండు నిలిచిపోవుటచే ముఖద్వారమునకు చేరు మన్ను తగ్గి, డెల్టా యంచు అచ్చటచ్చట సముద్రము పాలగుచున్నది. జలాశయములు వలదని మేమనము. మన కోట్‌పల్లి జలాశయము క్రింద పంట పండించుకొను మనము అట్లనుట ధర్మముకాదు. ఆ మన్నుతోపాటు ఏమి తగ్గుచున్నదో లెక్క వ్రాయువాడైన నుండవలెనని మాత్రమే మా కోరిక. పులి తగ్గినచో దేశమంతయు ఎఱుగును, ఏలయన పులికి పేరున్నది, లెక్కయున్నది. పేరులేని ప్రాణి నశించినచో అది నశించెనని చెప్పుటకు మాటయైనను ఉండదు.

కావున రెండు రాష్ట్రముల విద్యాధికారులను మేము కోరునది స్వల్పము. తీరపు విశ్వవిద్యాలయములలో జాతివర్ణన చేయుటకు శాశ్వతమైన ఉద్యోగములు కొన్నియైన నేర్పఱచవలెను. ఆ వర్ణనలను పరిశోధనగా గణింపవలెను. మన తీరమున దొరకిన పురుగుల సాక్షిపలకలలో నొక్కొక్క జత తెలుగుదేశమున నుండునట్లు చూడవలెను. 1916లో కలకత్తాయందు స్థాపింపబడిన భారత జంతుశాస్త్ర పరిశీలనశాఖకు హైదరాబాదులో మంచినీటి జీవులకై యొక కేంద్రము కలదు. మన పిల్లలు ఒక్కపూట ప్రయాణములో పోయి చూడగల స్థలమది. వికారాబాదునుండి పొద్దున రైలెక్కిన విద్యార్థి మధ్యాహ్నమునకు సూక్ష్మదర్శిని యెదుట గూర్చుండగలడు.

అంతవరకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. సముద్రము లేదని చింతయు వలదు. వేటపురుగులు మంచినీటి బురదలోను, చేని మన్నులోను గూడ కలవు. మోనోంకస్ అను నొక తెగ నోటిలో నొక్క పెద్ద కోఱతో తక్కిన నులిపురుగులను పట్టి తినును. అమెరికా పండితుడగు కాబ్ 1917లో వీనిని గూర్చి విపులముగ వ్రాసి, పైరుల వేళ్ళను తొలుచు పురుగులపై వీనిని ప్రయోగింపవచ్చునేమో యని యాలోచించెను. వీనిని పెంచుట కష్టమగుటచే ఆ యాలోచన నేటికిని రైతు చేతికి రాలేదు. కంది పొలములకు నడుమనున్న మన బడికి ఇంతకంటె దగ్గరి విషయ మేది?

పరికరములును పెద్దవి కావు. జావాలో పనిచేసిన బేర్‌మన్ అను వైద్యుడు 1917లో చూపిన గరాటు చాలును. గాజు గరాటు కొనకు రబ్బరు గొట్టము తొడిగి, చిమటాతో బిగించి, నీరు నింపుదురు. పైన వలబట్టపై పలుచని కాగితము పఱచి, దానిపై పిడికెడు మన్ను నీరు తగులునట్లు ఉంచుదురు. బ్రదికియున్న పురుగులు కాగితమును దూరి నీటిలోనికి దిగి, బరువుచే గొట్టము కొనకు చేరును. తెల్లవారి చిమటా వదలి రెండు మూడు చుక్కలు గాజుపలకపై పట్టి, బడిలోనున్న సామాన్యపు సూక్ష్మదర్శినిలోనే చూడవచ్చును. కోఱను స్పష్టముగ చూచుటకు నూరురెట్ల కటకము, నూనెచుక్క కావలెను. కాని పాకుటను చూచుటకు నలువదిరెట్లే చాలును. వానలు తగ్గిన తరువాత మా తొమ్మిదవ తరగతివారు కంది చేని మన్ను ఒక గరాటులో, జలాశయపు ఒడ్డు బురద మఱియొక గరాటులో వేసి, రాత్రికి ఎన్ని దిగినవో లెక్క వ్రాయుదురుగాక. తేదియు, స్థలమును, నీటి లోతును వ్రాసిన చీటీని సీసాలోపలనే వేయవలెను. ఆ వ్రాత పెన్సిలుతో నుండవలెను. సిరా ఫార్మలిన్‌లో కరగిపోవును.